ఇప్పచెట్టు కింద ఎండుటాకులు

మా అన్న అడవికి నేను మొదటిసారి వెళ్ళింది రాఖీ కట్టడానికి. మా అన్న అడవి అంటున్నాను గానీ అది సర్కారుది. కిన్వట్ తాలూకాలో సర్ఖని దాటి, బస్సు ఆగిపోయిన చోటి నుంచి ఇంకా లోపలికి నడిస్తే పెన్‌గంగ ఒడ్డున టేకు అడవి మొదలవుతుంది. అభయారణ్యం అని బోర్డు ఉంటుంది. లోపల ఒక చౌకీ, అంటే రేకుల కప్పు వేసిన ఒక్క గది, ముందు చిన్న వసారా. ఆ గదిలో మా అన్న ఇరవై ఏళ్ళు వాచరుగా ఉన్నాడు. అదీ రోజుకూలీ వాచరుగా.

నేను నాందేడ్‌లో జిల్లా పరిషత్ బడిలో టీచరును. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కూరగాయల బండి దగ్గర దక్కనీ హిందీ, మా బతుకు అంతా అలా మూడు నోళ్ళతో గడిచింది. మా అమ్మానాన్నలకు గుంటెడు భూమి లేదు. ఇద్దరూ కూలికి పోయేవాళ్ళు. ఇద్దరు పిల్లల్లో ఒకరికే చదువు అన్నప్పుడు అన్న పుస్తకాల సంచి తీసి నా భుజాన వేసి తను పశువుల వెంట పోయాడు. తెలుగు అక్షరాలు నాకు నేర్పింది కూడా వాడే, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఈ నాలుగు ముక్కలు నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ పుణ్యం వాడిదే.

అమ్మ పోయాక అన్న నాందేడ్ రావడం మానేశాడు. అడవి వదిలి రానన్నాడని ఎవరూ పిల్లనివ్వలేదు, వాడూ అడగలేదు. రెండు రాఖీలు పోస్టులో పంపాను. మూడో ఏడు నాకు కోపమొచ్చింది. వాడు రాకపోతే నేను పోలేనా అని శ్రావణ పున్నమి ముందురోజు రైలెక్కి కిన్వట్‌లో దిగాను. అక్కడి నుంచి బస్సు, బస్సు తర్వాత నడక. మోకాలి లోతు వాగు దాటేసరికి చీర నడుము దాకా తడిసింది. అన్న నన్ను చూసి సంతోషిస్తాడనుకున్నాను. తిట్టాడు.

"ఏమే బాయీ, వాగు దాటి గిట్ల అస్తరా ఎవరన్న? కొట్టుకపోతే మీ ఆయనకు నేనేం జవాబు చెప్పాలె?"

మా వైపు పంతులమ్మను బాయి అంటారు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు నుంచి వాడికి నేను చెల్లెను కాదు, బాయినే. తిట్టాక పొయ్యి వెలిగించి నా చీర కొంగు ఆరబెట్టాడు. ఆ రాత్రి వాన దంచి కొట్టింది, తెల్లారేసరికి వాగు పొంగింది. మూడు రోజులు ఇద్దరం ఆ గదిలోనే చిక్కుబడ్డాం. అన్నం, పప్పు, అడవిలో మొలిచిన ఆకుకూర. టేకుచెట్లు తెల్లగా పూత మీద ఉన్నాయి. నాలుగు దిక్కులా పచ్చదనం తప్ప ఇంకో రంగు లేదు, నీళ్ళ చప్పుడు తప్ప ఇంకో మాట లేదు. నాకు రెండో రోజుకే విసుగొచ్చింది. వాడు మాత్రం వసారాలో కూర్చుని, ఏ పిట్ట కూసిందో, వాగు అవతల మనుబోతు ఏ దారిన పోయిందో పూసగుచ్చినట్టు చెప్తూనే ఉన్నాడు. చిన్నప్పుడు నోట్లో నాలుక లేనట్టుండే మనిషి ఇన్ని మాటలు ఎక్కడ దాచాడా అని ఆశ్చర్యపోయాను.

రెండోసారి చలికాలంలో వెళ్ళాను. అప్పుడు అడవి వేరేగా ఉంది. గడ్డి నా భుజాల ఎత్తు పెరిగి, ఎండి, బంగారు రంగుకు తిరిగింది. పొద్దున లేస్తే వసారాలో నోటి నుంచి పొగలు. నేను మోసుకెళ్ళిన జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం తిని అన్న పనికి బయల్దేరితే నేనూ వెంటపడ్డాను. ఆ రోజుల్లో వాళ్ళ పని గడ్డి కోసి నిప్పుగీతలు తీయడం. అడవి మధ్యలో బండి పట్టేంత వెడల్పున బారుగా గడ్డి కోసేసి, ఆ కోసిన చోట జాగ్రత్తగా కాల్చి నేలను ఉత్తగా చేసి ఉంచుతారు. ఎండకాలంలో ఎక్కడైనా మంట లేస్తే ఆ గీత దాకా వచ్చి తినడానికి ఏమీ దొరక్క ఆగిపోవాలని. పొద్దంతా గడ్డి కోసి కోసి అన్న అరచేతులు చెప్పుల అడుగుల్లా గట్టిపడ్డాయి.

దారిలో రెండు ఊళ్ళు తగిలాయి. రెండు చోట్లా అన్న ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని ఒకటే మాట చెప్పాడు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు కాల్చొద్దు, చీపురుతో ఊడ్చుకోండి, కావాలంటే పాత చీర పరుచుకోండి, అడవి కాలేది సగం ఆ నిప్పుతోనే అని. వాళ్ళు తలూపారు. నేను వెనక నిలబడి నవ్వాను. సర్పంచి ఎలక్షనుకు నిలబడ్డట్టు మాట్లాడుతున్నావని ఆటపట్టించాను. వాడు కూడా నవ్వాడు.

ఆ సాయంత్రం చౌకీకి తిరిగొస్తూ వాడు అటవీ ఆఫీసు సంగతి ఒకటి చెప్పాడు. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు, దారి వైపే చూస్తూ నడిచాడు.

"జంగ్లాత్ దఫ్తర్‌ల పక్కా బుక్కు ఒకటుంటది. దాంట్ల పేరెక్కితే కాయం అయినట్టే, ఇగ ఎవ్వలు తీసెయ్యరు. ఈ వానకాలం లోపట నా పేరెక్కుతదట. సాబే చెప్పిండు."

ఇరవై ఏళ్ళుగా వాడి పేరు నెలనెలా మారే కూలి కాయితాల మీదే ఉండేది. నెల తిరిగితే ఆ కాయితం ఎక్కడికి పోయేదో ఎవరికీ తెలియదు. కాయం అయితే, అంటే పర్మినెంటు అయితే, ఖాకీ బట్టలు ఇస్తారు, ముసలితనంలో ఇంత పింఛను ఉంటుంది. అన్నింటికన్నా, ఆ అడవి నుంచి వాడిని పొమ్మనే మనిషి ఉండడు. వాడికి కావలసింది అదొక్కటే. నాకు ఏడుపొచ్చింది. కాయం అయిన రోజు నాకు చీర పెట్టాలని దబాయించాను. ఒకటేంది, రెండు పెడతనన్నాడు.

మూడోసారి వెళ్ళకుండా ఉంటే ఎంత బాగుండేది.

ఉగాదికి రెండు రోజుల ముందు బడికి సెలవు పెట్టి వెళ్ళాను. ఎండలు అప్పుడే ముదిరాయి. టేకు ఆకంతా రాలిపోయి అడవి ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపిస్తోంది. విస్తరాకులంత ఎండుటాకులు కాలు పెడితే ఫెళఫెళమంటున్నాయి. వానకాలంలో నన్ను ఆపిన వాగులో తెల్లటి రాళ్ళు తప్ప ఏమీ లేవు. ఆ మోడు చెట్ల మధ్య ఇప్పచెట్లు మాత్రం పూత మీద ఉన్నాయి. చౌకీకి కూతవేటు దూరంలో, కొండ వాలు మొదలయ్యే చోట ఒక పెద్ద ఇప్పచెట్టు ఉండేది. ఆ వాసనకు నాకు అమ్మ గుర్తొచ్చింది. అమ్మ ఉగాదికి ఇప్పపూలు ఉడికించి పిండిలో పిసికి తీపిరొట్టెలు చేసేది. అన్న వాటి కోసం పొయ్యి పక్కనే కూర్చునేవాడు. అమ్మ పోయాక వాడు ఆ రొట్టె తిననే లేదని తెలుసు. నేను చేసి పెడదామనుకున్నాను. అంతే, అంతకు మించి నా మనసులో ఏమీ లేదు.

మర్నాడు పొద్దున అన్న జంతువులు తాగే సిమెంటు తొట్టిలో నీళ్ళు నింపడానికి సైకిలుకు డబ్బాలు కట్టుకుని పోయాడు. నేను గంప పట్టుకుని చెట్టు కిందికి వెళ్ళాను. ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. రాలినవి రాలినట్టు ఎండుటాకుల సందుల్లోకి జారిపోయాయి. ఒక్కో ఆకూ ఎత్తి ఏరుతుంటే గంట గడిచినా గంప అడుగు నిండలేదు, నడుము పట్టేసింది. అమ్మ ఇలా ఏరేది కాదు. ముందురోజే చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టి నేలను శుభ్రం చేసేది. తెల్లారి చూస్తే నల్లటి నేల మీద పూలు తెల్లగా మెరిసేవి, గంపలకు గంపలు ఎత్తుకొచ్చేవాళ్ళం. ఇవాళ కాలిస్తే రేపు ఉగాది పొద్దున పూలు ఏరుకోవచ్చు అనుకున్నాను. గదిలోకి వెళ్ళి అగ్గిపెట్టె తెచ్చాను.

అన్న ఆడవాళ్ళకు చెప్పిన మాట నాకు గుర్తు లేదా అంటే, ఉంది. అబద్ధం ఎందుకు? కానీ ఆ మాట ఊళ్ళోవాళ్ళకని అనుకున్నాను. నేను వాచరు చెల్లెను, పైగా చదువుకున్నదాన్ని, చిన్నప్పటి నుంచి చేసిన పని నాకు తెలియదా అనుకున్నాను. బడిలో పిల్లలకు పర్యావరణం పాఠం చెప్పే నోరు నాది. చెప్పేవి శ్రీరంగనీతులు.

నాకు తెలియనిది ఒకటుంది. మా ఊళ్ళో ఇప్పచెట్లు చేల గట్ల మీద ఉండేవి. చుట్టూ దున్నిన నేల. మంట ఆ కాసిని ఆకులూ తిని దుక్కి దాకా వచ్చి దానంతటదే చచ్చిపోయేది. అమ్మ పక్కన నిలబడి మాతో కబుర్లు చెప్పేది. ఇక్కడ చుట్టూ దుక్కి లేదు. ఆకు పక్కన ఆకు, దాని పక్కన ఇంకో ఆకు, అలా కొండ కొస దాకా పరిచి ఉంది. పది గంటలప్పుడు ఎండ ఎక్కి గాలి లేచింది. మంట వాలు వైపు తిరిగింది. పచ్చి కొమ్మ విరిచి కొట్టాను, చీర కొంగుతో కొట్టాను. నేను ఒక చోట కొడితే పది చోట్ల లేచింది. అప్పుడు అరిచాను, అన్నా అన్నా అని, వాడు ఎక్కడున్నాడో తెలియకుండానే.

పొగ చూసి వాడు సైకిలు ఎక్కడో పడేసి పరుగెత్తుకొచ్చాడు. నన్నూ, నా పక్కన గంపనూ చూశాడు. పచ్చి కొమ్మ విరుచుకుని మంట వైపు పోయాడు. చుట్టుపక్కల చౌకీల వాళ్ళు, ఊళ్ళోవాళ్ళు వచ్చి సాయంత్రం దాకా కొడితే మంట చివరికి నిప్పుగీత దగ్గర ఆగింది. చలికాలంలో అన్న తీసిన గీతే. కానీ అప్పటికే కొండ ఇవతలి వాలంతా బూడిదైపోయింది. కాలిన నేల మీద ఒక దుప్పి పిల్ల పడి ఉంది. అన్న దాని పక్కన కాసేపు గొంతుక్కూర్చున్నాడు. వాడి రెండు చేతుల మీదా బొబ్బలు.

పొద్దు గూకకముందే జీపులో ఆఫీసరు వచ్చాడు. నేను వసారాలో నిలబడి ఉన్నాను, గంప నా కాళ్ళ దగ్గరే ఉంది. అన్న లోపలికి వస్తూ దాన్ని కాలితో తలుపు వెనక్కి నెట్టాడు. మంట ఎవరు పెట్టారని ఆఫీసరు మరాఠీలో అడిగాడు. చాయ్ పెట్టుకున్నానని, నిప్పురవ్వ ఎగిరిందని, తప్పు తనదేనని అన్న మరాఠీలోనే చెప్పాడు. నేను నోరు తెరిచాను. అన్న నా వైపు చూశాడు. ఆ చూపుకు నా నోరు మూతపడింది. ఆఫీసరు మంచివాడే, తల పట్టుకున్నాడు. కంచే చేను మేస్తే నేనేం చేసేదిరా, నీ పేరు నేనే పంపాను కదరా అన్నాడు. తర్వాత కాయితం తీసి రాయించుకున్నాడు. అన్న కాలిన వేళ్ళతో సంతకం పెట్టాడు.

జీపు పోయాక నేను వాడి మీద విరుచుకుపడ్డాను. ఎందుకు చెప్పావు, రేపే పోయి నిజం చెప్తాను అన్నాను. వాడు చేతులు నీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నీ నౌకరీ కాయం. నాదింక కాలే. కానిదాని కోసం అయినదాన్ని పోగొట్టుకుంటమా? సర్కారు టీచరు అభయారణ్యంల అగ్గి వెట్టిందంటే నిన్ను బళ్లె ఉంచుతరా? చప్పుడు చెయ్యక ఉండు."

నేను చప్పుడు చేయకుండా ఉన్నాను. వాడు చెప్పాడని ఉన్నానా, నాకే భయమేసి ఉన్నానా? భయమేసే ఉన్నాను. ఇన్నేళ్ళుగా రెండో మాట చెప్పుకోవడానికి చూశాను గానీ అది నిలబడలేదు.

నెల తిరగకముందే అన్నను తీసేశారు. ఒక ట్రంకుపెట్టెతో నాందేడ్ వచ్చి మా ఇంట్లో ముందుగదిలో ఉన్నాడు. మా ఆయన ఒక మంగళ కార్యాలయంలో కాపలా పని చూసి పెట్టాడు. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే ఆ హాలు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, బ్యాండు మోతలో మా అన్న ఏడేళ్ళు కూర్చున్నాడు. అడవికి మళ్ళీ పోలేదు. ఒకసారి చూసొద్దాం రమ్మంటే ఏ మొహం పెట్టుకుని పోవాలె అనేవాడు. నిజానికి ఆ మాట అనవలసింది నేను.

వాడు పోలేడు గనుక నేను పోవడం మొదలుపెట్టాను. వానకాలం ఒకసారి, చలికాలం ఒకసారి, ఎండకాలం ఒకసారి, గేటు దగ్గర టికెట్టు తీసుకుని, అందరు యాత్రికుల్లాగే. పోయొచ్చిన సాయంత్రం వాడు కుర్చీ దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటే అడిగేవాడు. వాగు ఎంత దూరం పారుతోంది? తొట్టిలో నీళ్ళున్నాయా, పాచి పట్టిందా? నిప్పుగీత ఈసారి తీశారా, లేక మొక్కుబడిగా గీకి వదిలారా? నేను గమనించని సంగతి అడిగినప్పుడు, కండ్లు ఇంట్ల పెట్టి పోయినవా బాయీ అని కసిరేవాడు. కాలిన వాలు మీద మళ్ళీ గడ్డి లేచిందని, టేకు మోళ్ళు చిగురేశాయని చెప్పినప్పుడు రెండుసార్లు చెప్పించుకున్నాడు. అన్నీ అడిగేవాడు, ఆ ఇప్పచెట్టు సంగతి తప్ప. నేనూ చెప్పలేదు. దానికి ఒకవైపు కాలి తొర్ర పడింది, ఇంకోవైపు ఇప్పటికీ పూస్తుంది.

రిటైరయ్యాక దఫ్తర్‌కు పోయి నిజం రాసిస్తానని వాడితో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అప్పుడు నన్నెవరూ ఏమీ చేయలేరు, నీ పేరు మీద మచ్చ పోతుంది అనేదాన్ని. వాడు వినీ విననట్టు ఊరుకునేవాడు. పోయిన జూన్‌లో రిటైరయ్యాను. పింఛను కాయితాలు తెమలనీ అనుకున్నాను. తర్వాత మోకాళ్ళ నొప్పి. తర్వాత వానలు. దీపావళి కానీ అనుకున్నాను. మనసు లేని పనికి సాకులకేం కొదవ? పుష్యమాసం చలిలో అన్నకు ఆయాసం ఎక్కువై ఆస్పత్రిలో నాలుగు రోజులుండి పోయాడు.

కొరివి తను పెడతానని మా ఆయన అన్నాడు. నేనే పెడతానన్నాను. వాడికి నేను తప్ప ఎవరున్నారు? పెట్టాక గానీ నాకు తట్టలేదు, ఇది నా చేత్తో పెట్టిన రెండో నిప్పు అని. అక్కడే కూలబడ్డాను. ఆడది ధైర్యం చేసి పెట్టింది గానీ తట్టుకోలేకపోయింది పాపం అనుకున్నారు అందరూ.

అస్థికలు గోదావరిలో కలిపాం. గోదారి గడప ముందే ఉండగా ఇంకెక్కడికి అని మా ఆయన అంటున్నా వినకుండా ఒక పిడికెడు చిన్న ముంతలో వేసి, గుడ్డ కట్టి దాచాను. పదకొండో రోజు కాగానే ఒక్కదాన్నే రైలెక్కాను.

గేటు దగ్గర ఈసారి కొత్త గార్డు ఉంది, పాతికేళ్ళ ఆడపిల్ల, ఇస్త్రీ ఖాకీ బట్టల్లో. ముందు మరాఠీలో మాట్లాడి, నా యాస పట్టి తెలుగులోకి మారింది. సంచి చూపించమంది. ముంతను చూసి చేయి వెనక్కి తీసుకుంది, ఏమిటని అడగలేదు. కర్పూరం పొట్లం పక్కన ఉన్న అగ్గిపెట్టె మాత్రం తీసి బల్ల మీద పెట్టుకుంది. పోయేటప్పుడు ఇస్తానంది. నది ఒడ్డున కర్పూరం వెలిగించాలి, ఒక్క పుల్లయినా ఇవ్వమన్నాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు, కానీ పిన్నీ అన్నట్టు మావ్‌శీ అని పిలిచి మర్యాదగానే చెప్పింది.

"ఏమనుకోకు మావ్‌శీ. ఎనకట ఈడ ఒక వాచర్ ఉండెనట. చాయ్ పెట్టుకుంట కొండంత కాలవెట్టిండట. మాకు ట్రైనింగ్‌ల ఆయన ముచ్చటే చెప్తరు, గసొంటి పని చెయ్యద్దని."

ఏడేళ్ళు నేను నాందేడ్‌లో నోరు మూసుకుని ఉంటే, ఇక్కడ వచ్చిన ప్రతి కొత్త మనిషికీ మా అన్నను బుద్ధిలేనివాడిగా చూపిస్తూ పాఠం చెప్తున్నారు. ఇరవై ఏళ్ళు గీతలు తీసినవాడిని. ఆ రోజు మంటను ఆపిన గీత తీసినవాడిని.

"ఆయన ఈ ముంతల ఉన్నడు బిడ్డా. మా అన్న. ఆయన అగ్గి వెట్టలే. ఇప్పపువ్వు కోసమని నేను పెట్టిన."

ఆ పిల్ల స్టూలు జరిపి కూర్చోమంది, నీళ్ళిచ్చింది. ఇది తనకు చెప్పి లాభం లేదు, సాబ్ వచ్చేవారం వస్తాడు అంది. నేను బల్ల మీదున్న రిజిస్టరు అడిగాను. లోపలికి పోయే ప్రతివాళ్ళూ పేరు, ఊరు, వచ్చిన పని రాయాలి. వచ్చిన పని అన్న చోట మరాఠీలో రాశాను, ఏడేళ్ళ కింద ఉగాది ముందురోజు ఆ వాలు మీద మంట పెట్టింది వాచరు కాదు, అతని చెల్లెలినైన నేను అని. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద రాసిన చేయి, అక్షరం వంకర పోలేదు. కింద సంతకం పెట్టాను.

పెన్‌గంగ సన్నగా పారుతోంది. గడ్డి ఎప్పటిలా ఎండి బంగారు రంగులో ఉంది. కర్పూరం వెలిగించకుండానే ముంత నీళ్ళలో వంచాను. నిప్పుగీత బాగా తీశారని, తొట్టి కడిగి ఉందని, ఇప్పచెట్టు ఒకవైపు బతికే ఉందని వాడికి చెప్పాను. ఆ చెట్టు మాట మొదటిసారి అప్పుడే చెప్పాను. క్షమించమని మాత్రం అడగలేదు.

తిరిగొచ్చేసరికి ఆ పిల్ల గేటు దగ్గరే నిలబడి ఉంది. అగ్గిపెట్టె ఇవ్వబోతే వద్దన్నాను. రిజిస్టరు ఇంకా అదే పేజీ దగ్గర తెరిచి ఉంది. ట్రైనింగులో వాచర్ అనే చెప్పారు గానీ పేరు చెప్పలేదు, ఆయన పేరేంది మావ్‌శీ అని అడిగింది. చెప్పాను. మళ్ళీ ఒకసారి చెప్పించుకుని, నేను రాసిన వరుస కింద ఇంటిపేరుతో సహా రాసుకుంది. ఇరవై ఏళ్ళు మా అన్న ఎదురుచూసిన పక్కా బుక్కు కాదది, వచ్చిపోయేవాళ్ళ బుక్కు.